ఒకటి, మూడు, నాలుగు, రెండు

ఓబుళమ్మ అంబాసిడర్
మూడు వారాలుగా పెన్న వంతెన మొదట్లోనే ఆగిపోతాంది.
టాపు మీద షామియానా గుంజలు,
వెనక సీట్లో రెండు మైకు బాకాలు,
డిక్కీలో అన్నం గుండిగలు.
ప్రొద్దుటూరు లారీలన్నీ వెనక నిలబడి హారన్లు కొడతాంటే
ఎండిన ఏరును చూసి కూడా
నీళ్లు చూసిన బర్రె మాదిరి మొరాయిస్తాది.

పెట్రోల్లో కిరసనాయిలు కలిపినారన్నాడు ఒకడు.
కార్బొరేటర్ విప్పి ఊదినాడు ఇంకొకడు.
పంపు మీద తడిగుడ్డ వేసుకోమన్నారు,
జ్వరమొచ్చిన పిల్ల నొసట వేసినట్టు.
వేసింది. గుడ్డ ఆరేలోపు మళ్లీ వంతెన.

దస్తగిరి మామ బానెట్ ఎత్తలేదు.
నాపరాళ్ల అరుగు మీద ఆమెను కూర్చోబెట్టి అడిగినాడు:
"సల్లగున్నప్పుడా, కాగినాకనా?
గతుక్కుమని ఆగుతాదా,
దీపం కొండెక్కినట్టా?"
ఓబుళమ్మ కాసేపు ఆలోచించి
నోటితోనే బండిని నడిపింది:
గుడుగుడుగుడు... గుడు... గుడు... ఉస్.
టీ కొట్టు కాడ అందరూ నవ్వినారు.
మామ నవ్వలేదు. కళ్లు మూసుకుని
"ఇంకోసారి, ఆ చివరిది" అన్నాడు.

అప్పుడు బానెట్.
మొదటి ప్లగ్గు విప్పి, ఆ బొక్క మీద నా బొటనవేలు పెట్టించి
హ్యాండిలు తిప్పినాడు, మెల్లగా.
లోపల్నుంచి ఎవరో ఊపిరి బిగబట్టి
నా వేలిని తోసేసినారు.
"వచ్చిందారా?"
"వచ్చింది మామా."
పుల్లీ మీద జిడ్డు గోటితో గీకితే గంటు కనిపించింది.
సుద్దముక్కతో దాన్ని తెల్లగా దిద్ది,
ముల్లుకు ఎదురుగా నిలబెట్టి,
బల్బు వైరు ఒకటి డిస్ట్రిబ్యూటర్‌కు, ఒకటి ఇంజన్ ఇనుముకు తగిలించి
"ఇప్పుడు ఎలగాల" అన్నాడు.

ఎలగలేదు.
పాయింట్లు ఇంకా పెదాలు మూసుకునే ఉన్నాయి.
పెట్రోలు మంచిదే. గాలి మంచిదే.
పిస్టన్ దిగిపోతాండగా ఎప్పటికో ఒక రవ్వ,
పంక్తి లేచినాక వచ్చిన నెయ్యి.

మామ డిస్ట్రిబ్యూటర్ మెడ పట్టుకున్నాడు.
అది తిరిగింది,
పానా లేకుండానే, సీసా మూత తిరిగినట్టు.

నెల కిందట దాన్ని బిగించింది నేను.
బిగిస్తాంటే టీ వచ్చింది.
వేలితో చుట్టి వదిలేసిన బోల్టు
గుంతకింత, గతుకుకింత,
వెంట్రుకవాసి వెంట్రుకవాసి జారుకుంటా
ఓబుళమ్మ కిరాయిలన్నీ మింగింది.

మామ నా వైపు చూసినాడు.
నేను ఒకటి, మూడు, నాలుగు, రెండు అని
లోలోపల లెక్కబెట్టుకుంటున్నా.
సిలిండర్లు మండే వరస అది,
షెడ్డులో చేరిన దినం మామ నేర్పిన ఎక్కం.

"రోడ్లు అట్లుండాయమ్మా,
జమ్మలమడుగు రోడ్డు దేన్నైనా వదులు చేస్తాది"
అన్నాడు ఆమెతో.
పానా మాత్రం నా చేతిలో పెట్టినాడు.
తాను మెడ తిప్పుతా, తిప్పుతా,
బల్బు మినుక్కుమన్న చోట ఆపి
"ఇప్పుడు" అన్నాడు.
బిగించినా. చెయ్యి వణికేదాకా బిగించినా.
"సాల్రా, మర తెగుతాది."
ఆ దినం నేను తిన్న తిట్టు అదొక్కటే.

బండి లేచింది.
ఓబుళమ్మ చెంగు ముడి విప్పి ముప్పై రూపాయలిస్తే
మామ తీసుకోలేదు.
ఎందుకని ఆమె అడగలేదు.
నాకు ఆ పూట అన్నం దిగలేదు.

మూడో దినం కబురొచ్చింది:
బండి ఆగింది, వంతెన మీదనే.
పానా జేబులో వేసుకుని సైకిలు తొక్కినా,
మిట్టమధ్యాహ్నం ఎండలో,
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
పోతానే బోల్టు పట్టుకుని చూసినా. రాయి.
సుద్ద గీత ఇంకా తెల్లగానే ఉంది.
బోర్లించిన గుండిగ మీద కూర్చున్న ఓబుళమ్మ
నా మొగం చూసి చెంగుతో చెమట తుడుచుకుంది.
"పెట్రోలు అయిపోయింది నాయనా.
క్యాను పంపించినా, వస్తాది.
నువ్వెందుకు ఇంత ఎండలో ఉరుక్కుంటా వచ్చినావు?"